నక్కవాగు పక్కన నాడీకణం

మంజీరా తీరంలో మందుల చరిత్ర – 9వ భాగం

2019 నవంబరులో హైదరాబాద్ మందుల పరిశ్రమకు ఒక చేదు వార్త అందింది. సువెన్ లైఫ్ సైన్సెస్ కనిపెట్టిన మాసుపిర్డిన్ అనే మందును అమెరికాలో 564 మంది అల్జీమర్స్ రోగుల మీద పరీక్షించారు. అప్పటికే వాళ్లు వేసుకుంటున్న డొనెపెజిల్, మెమాంటిన్ మాత్రలకు తోడుగా 26 వారాలు ఇచ్చి చూశారు. జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షలో అసలు మాత్ర వేసుకున్నవాళ్లకూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎలుకల్లో బాగా పనిచేసిన మందు మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు సొంత కంపెనీలు పెట్టుకుని జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు ఎలా విస్తరించారో గత భాగంలో చెప్పుకున్నాం. 1970 నాటి పేటెంటు చట్టం 1972లో అమల్లోకి వచ్చాక, విదేశీ మందును మరో దారిలో తయారుచేసుకునే వీలు మనవాళ్లకు దొరికింది. ఈ ప్రాంతానికి అన్నం పెట్టింది ఆ వీలే. 2005లో చట్టం మారి ఆ దారి మూసుకుపోయింది. ఇక సొంత మందు కనిపెట్టాలి, లేదంటే పరాయివాళ్లకు ముడిసరుకు చేసిపెడుతూ బతకాలి. అమెరికాలో ఫార్మసిస్టుగా పనిచేసి తిరిగివచ్చిన జాస్తి వెంకటేశ్వర్లు 1989లో పెట్టిన సువెన్ ఈ రెండు పనులూ చేసింది. పాశమైలారంలాంటి చోట్ల ప్లాంట్లు నడుపుతూ, వచ్చిన డబ్బులో కొంత మెదడు జబ్బుల పరిశోధనకు పెట్టింది. పెద్దపెద్ద విదేశీ కంపెనీలే చేతులు కాల్చుకుని వదిలేసిన రంగమది. అందులోకి ఒక తెలుగు కంపెనీ దిగి, మనుషుల మీద పరీక్ష దాకా ఒక అణువును నడిపించుకు వెళ్లడం గర్వపడాల్సిన విషయమని నా అభిప్రాయం. ఫలితం ఏమైనా ఆ మాట మారదు.

ఈ కథంతా ఎంత చిన్న జాగాలో జరుగుతోందో తెలియాలంటే కొల్లూరు నుంచి చూడాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 15,660 ఇళ్ల డబుల్ బెడ్రూం కాలనీ 2023 జూన్ 22న ప్రారంభమయ్యాక, ఒకప్పటి ఈ పల్లె ఒక పట్నాన్ని పక్కన పెట్టుకున్నట్టయింది. ఇక్కడినుంచి ఉత్తరానికి వెళ్తే పటాన్‌చెరు, ఆపైన పాశమైలారం. మరోవైపు తెల్లాపూర్ దాటితే హైదరాబాద్ విశ్వవిద్యాలయం. సంగారెడ్డి దారిలో కంది ఐఐటీ. మందు చేసేవాళ్లు, వాడేవాళ్లు, ఫ్యాక్టరీ నీళ్లు చూసిన వాగులు, జీవశాస్త్రం తెలిసిన పరిశోధకులు, అందరూ ఒక గంట ప్రయాణంలోపే ఉన్నారు. వీళ్లందరికీ ఉమ్మడిగా అవసరమై, చాలాకాలం ఎవరి చేతికీ అందనిది ఒకటుంది. అది బతికున్న మనిషి నాడీకణం. అది ల్యాబుకు ఎలా చేరిందో ఈ భాగంలో చూద్దాం.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని అంచనా. వాటిని మొదట విడివిడిగా కళ్లకు కట్టించినవాడు ఇటలీ వైద్యుడు కమిల్లో గోల్జీ. 1873లో వెండి లవణంతో మెదడు ముక్కకు రంగు పట్టించాడు. నూటికి ఒకటో రెండో కణాలు మాత్రమే ఆ రంగు పట్టి, కొమ్మలూ రెమ్మలతో సహా నల్లగా కనిపించాయి. స్పెయిన్‌కు చెందిన రమోన్ ఇ కహాల్ అదే రంగుతో పనిచేసి, ప్రతి నాడీకణమూ దేనికది విడిగా ఉంటుందని నిరూపించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. అదే ఏడాది నవంబరులో జర్మనీలోని ట్యూబింగెన్ సభలో అలాయిస్ అల్జీమర్ తన రోగి గురించి చెప్పాడు. ఆమె పేరు అగస్టె డేటర్. 1901లో 51 ఏళ్ల వయసులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరింది. చనిపోయాక ఆమె మెదడును వెండి రంగుతో పరీక్షిస్తే కణాల లోపల చిక్కుపడ్డ దారాలూ, కణాల మధ్య గట్టిపడ్డ మచ్చలూ కనిపించాయి. ఈనాటికీ ఆ జబ్బును గుర్తుపట్టేది ఆ రెండు గుర్తులతోనే.

వచ్చిన చిక్కల్లా, అల్జీమర్ చూసింది చనిపోయిన మెదడు. పంటంతా ఎండిపోయాక పొలానికి వెళ్లి తెగులు ఏ మొక్కకు, ఏ రోజు సోకిందో వెతికినట్టు ఉంటుంది ఆ పని. బతికున్న మనిషి మెదడు నుంచి ముక్క కోసి తీసుకోలేం. తీసినా నాడీకణం విభజన చెందదు. చర్మ కణమైతే గిన్నెలో పెట్టి పెంచుకోవచ్చు. ఒకసారి తయారయ్యాక నాడీకణం మళ్లీ రెండు కాదు. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండంలోని నాడీ కణజాలాన్ని శోషరసం బొట్టులో బతికించి, దాని కొస పెరుగుతూ పోవడాన్ని మైక్రోస్కోపులో చూశాడు. శరీరం బయట కణాల్ని పెంచే విద్య మొదలైంది అక్కడే, అదీ నాడీకణంతోనే. అయినా మనిషి నాడీకణాన్ని ల్యాబులో పెట్టుకోవడానికి ఆ తర్వాత ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

అది కూడా క్యాన్సర్ పుణ్యాన. 1970లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో నాలుగేళ్ల పాపకు న్యూరోబ్లాస్టోమా అని తేలింది. ఎదుగుతున్న నాడీకణాల్లో పుట్టే క్యాన్సర్ అది. పాప ఎముక మజ్జలోకి వ్యాపించిన కణాలను పరిశోధకురాలు జూన్ బీడ్లర్ గిన్నెలో పెంచింది. క్యాన్సర్ కణం కాబట్టి అది విభజన చెందుతూనే ఉంది. అందులోంచి ఒక రకాన్ని ఏరి, దాన్ని మళ్లీ ఏరి, మూడోసారి ఏరితే వచ్చిందే ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే సెల్ లైన్. విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం కొద్దిగా వేస్తే ఈ కణాలు పెరగడం తగ్గించి, కొసలు సాచి, నాడీకణాల్లా నడుచుకుంటాయి. పార్కిన్సన్స్, అల్జీమర్స్ మీద జరిగే ల్యాబు పనిలో ఇంతగా వాడుకలో ఉన్న మనిషి నాడీకణాలు అరుదు. హైదరాబాద్‌లో బయోటెక్నాలజీ చదివి నాడీ జబ్బుల మీద పనిచేసిన విద్యార్థుల్లో ఎవరినడిగినా ఈ పేరు తెలుసనే అంటారు. వాళ్లు రెండు మూడు రోజులకోసారి మీడియా అనే పోషక ద్రవం మార్చి, గిన్నె నిండినప్పుడల్లా కొన్ని కణాలను కొత్త గిన్నెలోకి మార్చి (ప్యాసేజ్ చేసి), హుడ్ అనే శుభ్రమైన గాలి గూటి కింద జాగ్రత్తగా కాపాడుకునేది ఆ పాప కణాల సంతతినే. ఆ పాప పేరు ఏ పరిశోధన పత్రంలోనూ ఉండదు. రోగి కణాల్ని పరిశోధనకు తీసుకునేటప్పుడు కుటుంబానికి వివరంగా చెప్పి సంతకం తీసుకునే పద్ధతి ఆ రోజుల్లో ఇంకా స్థిరపడలేదు. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. కోట్లమంది ముసలివాళ్ల జబ్బును అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది నాలుగేళ్ల పసిదాని శరీరం.

క్యాన్సర్ కణం నిజమైన నాడీకణం కాదని అందరికీ తెలుసు. అందుకే మందుల కంపెనీలు చివరికి ఎలుకనే నమ్ముకున్నాయి. ఆ నమ్మకం ఎంత బలహీనమో 1982లో కాలిఫోర్నియాలో బయటపడింది. శాన్ హోసే ప్రాంతంలో కొందరు యువకులు ఉన్నట్టుండి బిగుసుకుపోయి ఆసుపత్రికి వచ్చారు. కదల్లేరు, మాట్లాడలేరు. డెబ్బై ఏళ్ల పార్కిన్సన్స్ రోగిలో కనిపించే లక్షణాలన్నీ వాళ్లలో ఉన్నాయి. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్టు ఆరా తీస్తే, వాళ్లందరూ దొంగచాటుగా తయారైన ఒకే మత్తుమందు ఎక్కించుకున్నారని తేలింది. చేసినవాడు తయారీలో పొరపాటు చేయడంతో అనుకున్న పదార్థానికి తోడు ఎంపీటీపీ అనే మరొకటి పుట్టింది. ఉష్ణోగ్రతో ఆమ్లతో కాస్త అటూఇటూ అయితే రియాక్టర్లో వేరే సరుకు తయారవుతుందని పాశమైలారంలో పనిచేసే ప్రతి కెమిస్టుకూ తెలుసు. ఇక్కడ ఆ వేరే సరుకు మెదడులోకి వెళ్లి, అక్కడ మరో రూపంలోకి మారి, డోపమైన్ తయారుచేసే కణాలను చంపింది.

దాన్ని ఎలుకకు ఇస్తే ఏమైంది? పెద్దగా ఏమీ కాలేదు. ఎలుక ఆ విషాన్ని చాలావరకు తట్టుకుంది. కోతికి ఇస్తే మనిషికి వచ్చిన జబ్బే వచ్చింది. ఎలుక మీదే పరీక్షించి ఉంటే ఎంపీటీపీని పెద్దగా హాని లేని పదార్థం అనుకునేవాళ్లం. ఈ ఒక్క సంఘటన నాడీ పరిశోధన చరిత్రలో నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చే సంఘటన. విషం విషయంలో ఎలుకకూ మనిషికీ ఇంత దూరం ఉంటే, మందు విషయంలో దగ్గరితనం ఉంటుందని ఎలా అనుకోవడం?

సువెన్ మందు దగ్గరికి మళ్లీ వద్దాం. నాడీకణం మీద సెరటోనిన్ వచ్చి తగులుకునే గ్రాహకాలు చాలా రకాలు. వాటిలో ఆరో రకాన్ని 1993లో ఎలుక మెదడులో గుర్తించారు, 1996లో మనిషి రూపాన్ని వివరించారు. దాన్ని అడ్డుకుంటే ఎలుకల జ్ఞాపకశక్తి మెరుగవుతోందని తేలడంతో ప్రపంచమంతా దాని వెంట పడింది. డెన్మార్క్ కంపెనీ లుండ్‌బెక్ తన మందును మూడు పెద్ద పరీక్షల్లో సుమారు 2,500 మందికి ఇచ్చి ఓడిపోయింది. ఆక్సోవాంట్ అనే కంపెనీ 2017 సెప్టెంబరులో ఓడిపోయింది. 2019లో మన సువెన్. ఈ గ్రాహకం మెదడులో ఎక్కడెక్కడ ఉంటుందన్న విషయంలోనూ, మందులకు స్పందించే తీరులోనూ చిట్టెలుకకూ మనిషికీ తేడా ఉందని 2003లోనే ఒక పరిశోధన చెప్పింది. పెద్ద ఎలుక కొంత నయం, ఆ విషయంలో మనిషికి దగ్గర. అంతమాత్రాన ఈ ఓటములన్నిటికీ ఎలుకే కారణమని తేల్చేయడం న్యాయం కాదు. రోగి మందు మొదలుపెట్టే నాటికే కాపాడాల్సిన కణాలు పోయి ఉండొచ్చు. మాసుపిర్డిన్ ఫలితాలను తిరగేసి చూసినప్పుడు, రోగుల్లో ఆందోళన, కోపోద్రేకం తగ్గిన సూచనలు కనిపించాయి. ఆ ఆశతో దాన్ని మూడో దశ పరీక్షలకు తీసుకెళ్లారు. కానీ కోట్ల రూపాయలూ, వందలమంది రోగుల సమయమూ పెట్టేముందు మనిషి నాడీకణాన్ని అడిగి తెలుసుకునే దారి ఉంటే బాగుండేదన్న మాట కాదనలేనిది.

ఆ దారి జపాన్‌లో పడింది. క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాక, కజుతోషి తకహాషి 2006లో చిట్టెలుక చర్మ కణంలోకి నాలుగు జన్యువులు పంపి, దాన్ని పిండం తొలి రోజుల్లోని మూలకణం లాంటి స్థితికి వెనక్కి తిప్పారు. 2007లో మనిషి కణంతో అదే చేశారు. 2012లో యమనాకకు నోబెల్ వచ్చింది. చర్మమే అక్కర్లేదు, చేతి నరం నుంచి తీసిన కాస్త రక్తం చాలని తర్వాత తేలింది. ఆ కణాలను కొన్ని వారాల్లో మూలకణాలుగా మార్చి, వాటికి వరుసగా కొన్ని సంకేత రసాయనాలు అందిస్తూ, 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో ఓపిగ్గా పెంచితే నాడీకణాలవుతాయి. తంతులు సాచుకుని, ఒకదానితో ఒకటి కలిసి, విద్యుత్ సంకేతాలు పంపుకుంటాయి. పక్వానికి రావాలంటే నెలలు పడుతుంది. మధ్యలో ఒక్క ఫంగస్ మచ్చ పడినా మొత్తం పారేసి మొదటికి రావాలి. ఈ పని చేసే పరిశోధకులకు ఆదివారాలుండవు.

2008లో హార్వర్డ్‌లో కెవిన్ ఎగ్గన్ బృందం ఏఎల్ఎస్ అనే, కండరాలను నడిపే నాడీకణాలు చనిపోయే వ్యాధి ఉన్న 82 ఏళ్ల వృద్ధురాలి చర్మం నుంచి ఆమె సొంత నాడీకణాలను తయారుచేసింది. ఆమె వెన్నుపాములో చనిపోతున్న రకం కణాలే అవి. అగస్టె డేటర్ మెదడును ఆమె చనిపోయాకే చూడగలిగారు. ఈ వృద్ధురాలు బతికుండగానే ఆమె జబ్బు కణాన్ని బయట పెట్టుకుని మొదటి రోజు నుంచీ గమనించగలిగారు. ఇంకో ఆరేళ్లకు, 2014లో, మాసచూసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రుడాల్ఫ్ టాంజీ, కిమ్ డూ యాన్ మనిషి నాడీకణాలను చదునైన గిన్నెలో కాకుండా జెల్ లోపల పెంచారు. వంశపారంపర్య అల్జీమర్స్ జన్యుదోషాలు పెట్టిన ఆ కణాల్లో మొదట మచ్చలు, ఆ తర్వాత చిక్కుపడ్డ దారాలు, రెండూ వచ్చాయి. అవే దోషాలు పెట్టిన చిట్టెలుకల్లో మచ్చలు వచ్చేవి గానీ దారాలు రాలేదు. 1906లో అల్జీమర్ చెప్పిన ఆ దారాల గుర్తును చిట్టెలుక అన్నేళ్లూ చూపించలేకపోయిందన్నమాట.

ఈ పద్ధతికీ లోటుంది. రక్తకణాన్ని మూలకణంగా వెనక్కి తిప్పినప్పుడు దాని వయసు కూడా చెరిగిపోతుంది. 70 ఏళ్ల మనిషి నుంచి తీసుకున్నా గిన్నెలో ఉండేది పసి నాడీకణమే. మతిమరుపు ముసలితనపు జబ్బు. అందుకే మూలకణం దశను దాటవేసి చర్మకణాన్ని నేరుగా నాడీకణంగా మార్చే పద్ధతి కూడా వచ్చింది. అలా చేస్తే వయసు గుర్తులు చాలావరకు మిగులుతాయి.

మన దేశంలో ఈ పనికి పునాది పడింది బెంగళూరులో. అక్కడి మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ప్రొఫెసర్ ఎస్.కె. శంకర్ చొరవతో 1995లో మెదడు బ్యాంకు మొదలైంది. కుటుంబాల అనుమతితో దానంగా వచ్చిన మెదళ్లను అక్కడ భద్రపరుస్తారు. తర్వాత నిమ్హాన్స్, అదే నగరంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి స్కిజోఫ్రినియా, బైపోలార్, డిమెన్షియా లాంటి జబ్బులు ఒకరికంటే ఎక్కువమందికి ఉన్న కుటుంబాల నుంచి రక్తం తీసుకుని మూలకణాలు తయారుచేయడం మొదలుపెట్టాయి. విదేశీ కుటుంబాల జన్యువులతో తయారైన కణాల మీద తేలింది మన కుటుంబాలకు అలాగే వర్తిస్తుందన్న హామీ లేదు కాబట్టి ఈ పనికి నేను చాలా విలువిస్తాను. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు మూలకణాల నుంచి రెటీనా కణజాలం పెంచుతున్నారు. రెటీనా కంట్లో ఉన్నా, పుట్టుకలో మెదడు భాగమే. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి అనుబంధంగా ఉన్న అటల్ ఇంక్యుబేషన్ కేంద్రంలో జంతువులకు బదులు మనిషి కణాలతో మందులను పరీక్షించే పద్ధతుల కోసం ప్రత్యేక కేంద్రం పెట్టారు. 2023లో కేంద్ర ప్రభుత్వం కొత్త మందుల నిబంధనలు సవరించి, మనుషుల మీద పరీక్షకు ముందు ఇలాంటి కణ పరీక్షల ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకునే వీలు కల్పించింది. దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అదే ఏడాది వెలువడిన అంచనా.

మందు కోసం ఇంత చెప్పుకున్నాం. విషం కోసం కూడా ఈ కణాలు కావాలి. పటాన్‌చెరు వాళ్లకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలం అక్కడికి చేరేది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ప్రపంచమంతా ఆ ఒక్క అంకెనే పట్టుకుంది, యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి మాట్లాడింది. అది అవసరమే. కానీ అదే జాబితాలో సిటలోప్రామ్ కూడా ఉంది. కుంగుబాటుకు ఇచ్చే మందు అది. పనిచేసేది సూటిగా మెదడు కణాల మీద. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరాలో కలిసేవి. తర్వాత పైపులైను వేసి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ దశాబ్దాల పాటు ఈ కాలుష్యం మీద పోరాడిన డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు లేకపోతే ఆ మాత్రం కూడా జరిగేది కాదు.

వాగు నీటిలో ఇప్పటికీ మనం కొలిచేవి ఆమ్లత, లవణాలు, ఆక్సిజన్ అవసరం. నాలుగైదు రకాల మెదడు మందులు చిన్నచిన్న మోతాదుల్లో కలిసిన నీళ్లు కడుపులో ఉన్న బిడ్డ మెదడును ఏం చేస్తాయో ఆ కొలతలు చెప్పలేవు. ఎలుక మీద ఆ ప్రశ్న వేయాలంటే నెలలు పడుతుంది, లక్షలు ఖర్చవుతాయి, చివరికి ఎంపీటీపీ నాటి సందేహమే మిగులుతుంది. మూలకణాల నుంచి తయారైన పసి నాడీకణాలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. ముసలి జబ్బుకు లోటైన వాటి పసితనం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఎదుగుతున్న మెదడు మీద రసాయనాల ప్రభావాన్ని మనిషి నాడీకణాలతో అంచనా వేసే పరీక్షల సమితి గురించి ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2023లో తొలి సిఫారసులు ప్రచురించింది. పద్ధతి తయారుగా ఉంది. చేయగల పరిశోధకులు తార్నాకలో, గచ్చిబౌలిలో, కందిలో ఉన్నారు. నీళ్లు ఇక్కడే ఉన్నాయి.

కాలుష్య నియంత్రణ మండలి నక్కవాగు నీటినీ, మందుల ఫ్యాక్టరీల పరిసరాల్లోని బోరు నీటినీ మనిషి నాడీకణాల మీద ఏటా పరీక్షించి, ఫలితాలను ఊరి నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. ఖర్చును పరిశ్రమలూ ప్రభుత్వమూ పంచుకోవాలి. కొల్లూరు, పటాన్‌చెరు, పాశమైలారం పాఠకులు ఈ మాటను తమ ప్రజాప్రతినిధుల దగ్గర, ఫ్యాక్టరీ విస్తరణల కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో అడగాలి. ఆ సభల్లో ఎవరైనా నిలబడి మాట్లాడవచ్చు, రాతపూర్వకంగా ఇచ్చిన అభ్యంతరాన్ని అధికారులు నమోదు చేసుకుని తీరాలి.

(సశేషం)